శాహు మహారాజు

చిన్ననాడే పంజరమున బెట్టబడిన చిలుక రెక్కలుండియు నెగురనేరదని లోకులు తలచుదురు. ఏడేండ్ల ప్రాయమున చెఱబడి, 18 సంవత్సరములు శత్రుశిబిరమున పెరిగి, పిమ్మట దాదాపు 42 సంవత్సరములు రాజ్యమేలిన యొక పురుషుని చరిత్ర మా తలంపును త్రోసిపుచ్చుచున్నది. ఆతడు ఛత్రపతి శివాజీ మనుమడగు శాహు మహారాజు. మా విద్యార్థుల కాతని జీవితమును సంగ్రహముగా నెరిగింపదలచితిమి.

శాహు 1682వ సంవత్సరమున జన్మించెను. తండ్రి శంభాజీ; తల్లి యేసూబాయి. 1689 ఆరంభమున మొగలు సైనికులు శంభాజీని సంగమేశ్వరమున పట్టుకొనిరి. ఔరంగజేబు చక్రవర్తి యాజ్ఞచే నాతడు క్రూరముగా చంపబడెను. ఆ యేటనే నవంబరు నెలలో రాయగడ దుర్గము మొగలుల వశమగుటతో తల్లియు కుమారుడును బందీలైరి. చక్రవర్తి బాలుని చంపింపక, రాజా యను బిరుదమును 7000 మన్సబును ఒసగి తన శిబిరముననే యుంచుకొనెను. మహారాష్ట్రుల వారసుడు తన చేతిలో నుండుట మేలని యాతని రాజనీతి. చక్రవర్తి కుమార్తె జీనతున్నీసా యా తల్లీబిడ్డలను దయతో జూచెను. దండు కదలిన చోటికెల్ల శాహుయు కదలుచు, డేరాలే యిల్లుగా, కావలివారి నడుమ పెద్దవాడయ్యెను.

1707 మార్చి 3వ తేదీన ఔరంగజేబు అహమ్మదునగరు చెంత మరణించెను. ఆతని కుమారుడు ఆజంషా సింహాసనమునకై యుత్తరమునకు బోవుచు, భోపాలు ప్రాంతమున శాహును విడిచిపెట్టెను. ఇందు ఔదార్యముకంటె యుక్తి యెక్కువ. అప్పటికి రాజారాము భార్యయగు తారాబాయి తన కుమారుని పేరిట ధైర్యముతో రాజ్యము నడుపుచుండెను. శాహు తిరిగివచ్చినచో మహారాష్ట్రులు రెండు పక్షములై పోరాడుదురని మొగలుల యాశ. ఆతడు మాట తప్పకుండుటకై యేసూబాయిని తమయొద్దనే పూచీగా నిలుపుకొనిరి. కన్నతల్లిని చెఱలో విడిచి శాహు దక్షిణమునకు నడచెను. త్రోవలో ఖుల్దాబాదున ఔరంగజేబు గోరీని దర్శించెననియు చెప్పుదురు.

స్వదేశమున మొదట నాతనికి లభించినది అవమానము. వచ్చినవాడు శాహు కాడు, వేషధారియని తారాబాయి ప్రకటించి, సేనలను పంపెను. కాని సేనాపతి ధనాజీ జాదవు ఖేడు యుద్ధమున శాహు పక్షమునే చేరెను. 1708 జనవరిలో సతారాయందు పట్టాభిషేకము జరిగెను.

అంతటితో కష్టములు తీరలేదు. సర్దారులు నేడొక పక్షము, రేపొక పక్షముగా నుండిరి. శాహు ఖడ్గవిద్యచే పేరొందినవాడు కాడు. మనుష్యుల యోగ్యత నెరుగుటలో మాత్రము నేర్పరి. 1713లో బాలాజీ విశ్వనాథుని పేష్వాగా నియమించెను. ఆ మంత్రి తారాబాయి పక్షమున నుండిన నౌకానాయకుడు కాన్హోజీ ఆంగ్రేను సంధిచే శాహుకు అనుకూలుని జేసెను. 1719లో ఢిల్లీకి బోయి, దక్కను ఆరు సుబాలలో చౌతును, అనగా ఆదాయమున నాలుగవవంతును, సర్దేశ్‌ముఖియను పదియవవంతును వసూలుచేయు హక్కుపత్రములను దెచ్చెను. మన తెలుగు సీమలతో గూడిన హైదరాబాదు సుబాయు వీనిలో నొకటి. వానితోపాటు యేసూబాయియు, 30 సంవత్సరముల చెఱ ముగిసి, కుమారుని చేరెను. తల్లి విముక్తికై శాహు 12 సంవత్సరములు వేచియుండెను.

1720లో బాలాజీ మరణింపగా, వృద్ధమంత్రులు వలదన్నను, ఆతని కుమారుడగు 19 ఏండ్ల బాజీరావునకే శాహు పదవి నొసగెను. ఆ యువకుడు రాజ్యమును నర్మదకు ఆవల వ్యాపింపజేసెను. 1731లో శాహు వారణా సంధిచే కొల్హాపురపు దాయాదికి వేరు రాజ్యమును ఒప్పుకొనెను. తనను వేషధారియన్న తారాబాయికి తుదకు సతారాలోనే నివాసము కల్పించెను.

ఆతనియందు లోపము లేకపోలేదు. అధికారమును పేష్వాల కప్పగించి, తాను క్రమముగా వెనుకకు తగ్గెను. 1749 డిసెంబరు 15వ తేదీన పుత్రసంతానము లేక మరణింపగా, రాజ్యాధికారము పూనాలోని పేష్వాలకే దక్కెను.

అయినను చెఱ యాతని హృదయమును విషపూరితము చేయలేదు. కష్టమునుండి బయటపడుట యొక మేలు. బయటపడిన పిదప పగ తీర్చుకొనుటకే జీవితమును వ్యయపరుపకుండుట అంతకంటె గొప్ప మేలు. మా విద్యార్థులు ఈ రెండవదానిని ముఖ్యముగా జ్ఞాపకముంచుకొందురుగాక యని కోరుచున్నాము.