గాలి మోసిన చక్రం

కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేటల మీదుగా ఎల్లారెడ్డికి పోయే దారి సుమారు 40 కిలోమీటర్లు. కామారెడ్డి సికింద్రాబాదు, నిజామాబాదుల నడుమ రైలుమార్గంపై ఉన్న పట్టణం. ఎల్లారెడ్డికి రైలు లేదు. ఆ ప్రాంతపు వరిధాన్యం గాని, చెరకు గాని, మక్కలు గాని అంగడికి చేరాలంటే రబ్బరు చక్రాల మీదనే చేరాలి. ఆ బాటపై ఆర్టీసీ బస్సు పోతుంది, చెరకు నింపుకొన్న ట్రాక్టరు పోతుంది, పాలక్యాన్లు వేలాడే మోటారు సైకిలు పోతుంది. అప్పుడప్పుడు నేలను ఆనుకొని పోతున్నట్లుండే వేగవంతమైన కారు కూడా దూసుకుపోతుంది. వీటికి రూపంలో గాని, వెలలో గాని పోలిక లేదు. అయినా అన్నిటి భారాన్నీ వహిస్తున్నది ఒక్కటే. అది రబ్బరు పొర లోపల బంధించిన గాలి. ఆ గాలిని చక్రానికి చుట్టి లోకమంతటా వాడుకలోకి తెచ్చినవాడు యంత్రశాస్త్రం చదివినవాడు కాడు. పశువులకు చికిత్స చేసి జీవనం సాగించిన వైద్యుడు. ఆయన పేరు జాన్ బాయిడ్ డన్లప్.

డన్లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లండులోని ఏర్‌షైర్ ప్రాంతంలో, డ్రెగ్‌హార్న్ అనే గ్రామంలో, వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. నెలలు నిండకుండా పుట్టినందువల్ల ఆయనది సుకుమారమైన దేహమని అందరూ భావించారు. ఆయన కూడా ఆ మాటను నమ్మి జీవితాంతం ఆరోగ్యం విషయంలో జంకుతూనే గడిపాడు. విశేషమేమిటంటే పెద్ద జబ్బేదీ లేకుండా ఎనభై ఏళ్ళు దాటి జీవించాడు. ఎడిన్‌బరోలో పశువైద్యశాస్త్రం అభ్యసించి పందొమ్మిదో ఏట పట్టా పొందాడు. కొన్నేళ్ళు ఆ నగరంలోనే పనిచేసి, తరువాత ఐర్లండుకు తరలిపోయాడు. మార్గరెట్ స్టీవెన్‌సన్‌ను వివాహమాడి ఒక కుమార్తెకూ, ఒక కుమారునికీ తండ్రి అయ్యాడు. బెల్‌ఫాస్టు నగరంలో ఆయన వైద్యశాల క్రమంగా ఆ దేశంలోని పెద్ద పశువైద్యశాలలలో ఒకటిగా పేరుపొందింది.

ఆ కాలంలో నగరజీవనమంతా గుర్రంపై ఆధారపడి ఉండేది. బెల్‌ఫాస్టు వీధులలో రాళ్ళు పరిచి ఉండేవి. వాటిపై పరుగెత్తే గుర్రాల డెక్కలు, కాళ్ళ కీళ్ళు, వాటి వెనుక దొర్లే బండ్ల అదురు డన్లప్‌కు నిత్యం కనిపించే దృశ్యాలు. దెబ్బతిన్న అవయవాన్ని చూసి దానికి కారణమైన తాకిడిని ఊహించడం వైద్యునికి అలవాటే. చక్రాన్ని ఆయన చూసిన తీరు వెనుక ఆ అలవాటు ఉన్నదనుకోవచ్చు.

చక్రం ప్రాచీనమైనది. మన కావ్యభాషలో దాని భాగాలకు నాభి, అర, నేమి అని వేరువేరు పేర్లు కూడా ఉన్నాయి. నేలను తాకే భాగమే నేమి. పల్లెల్లో ఎడ్లబండి చక్రానికి వేసే ఇనుప పట్టా నేమిని అరగకుండా కాపాడుతుంది గాని, దారిలోని గతుకును ఏమాత్రం తగ్గించదు. తడినేలలో సన్నని చక్రం కుంగితే ఏమవుతుందో కర్ణుని కథ చదివిన తెలుగువారికి చెప్పనక్కరలేదు. 1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో కలిపి కాచి రబ్బరును గట్టిపరిచే విధానాన్ని కనుగొన్నాడు. అటుపిమ్మట ఇనుము స్థానంలో గట్టి రబ్బరు పట్టీలు వచ్చాయి. శబ్దం తగ్గింది, కాని అదురు అంతగా తగ్గలేదు.

డన్లప్ కుమారుడు జానీకి తొమ్మిది పదేళ్ళ వయస్సులో ఒక మూడు చక్రాల సైకిలు ఉండేది. దాని చక్రాలకు గట్టి రబ్బరు పట్టీలే ఉండేవి. రాళ్ళు పరిచిన వీధిలో దానిని తొక్కడం ఆ బాలునికి కష్టమయ్యేది. 1887 చివరి మాసాలలో డన్లప్ ఆ సమస్యను చేపట్టాడు. గుండ్రని చెక్కపలక ఒకటి తీసుకున్నాడు. పలుచని రబ్బరు రేకుతో గొట్టం చేసి దాని అంచు చుట్టూ అమర్చాడు. ఆ గొట్టం ఉబ్బి పగిలిపోకుండా నారబట్ట చుట్టి, బట్ట అంచులను చెక్కకు మేకులతో బిగించాడు. బెల్‌ఫాస్టు నారబట్టల నేతకు ప్రసిద్ధి చెందిన నగరం కనుక బట్టకు కొదువ లేదు. కొడుకు బంతికి గాలి కొట్టే పంపుతోనే గొట్టంలోకి గాలి నింపాడు.

తరువాత ఆయన చేసిన పని చిన్నదే, కాని ఎంతో విలువైనది. సైకిలు చక్రాన్ని, తాను చేసిన పలకను పెరటిలో ఒకదాని తరువాత ఒకటి దొర్లించాడు. గట్టి రబ్బరు చక్రం పెరటి చివర దాకా పోకముందే పడిపోయింది. గాలి నింపిన పలక చివర దాకా పోయి, అక్కడి స్తంభానికి తగిలి వెనక్కి తుళ్ళింది. 1888 ఫిబ్రవరి ఆఖరుకు మూడు చక్రాల సైకిలు వెనుక చక్రాలకు గాలి గొట్టాలు అమరాయి. జానీ దానిని తొక్కి చూశాడు.

బాలుని సౌఖ్యం కోసం మొదలైన పని వేగానికి మార్గం చూపిందన్నదే ఈ కథలోని కీలకాంశం. గట్టి చక్రానికి రాయి అడ్డం వస్తే బండి మొత్తం ఆ రాతి ఎత్తుకు లేచి మళ్ళీ కిందికి పడాలి. లేచిన ప్రతిసారీ ముందుకు పోవలసిన శక్తిలో కొంత నష్టమవుతుంది. గాలి చక్రమైతే రాయి దగ్గర తానే లోపలికి నొక్కుకుంటుంది. బండి లేవదు, శక్తి అంతగా నష్టం కాదు. భారతంలో ధర్మరాజు రథం నేలను తాకకుండా నాలుగంగుళాల ఎత్తున సాగేదని, అశ్వత్థామ విషయంలో ఆయన మాట తడబడిన క్షణంలో అది నేలకు దిగిందని చెబుతారు. డన్లప్ చేసినది ఇంచుమించు అటువంటి రథమే. సత్యబలానికి బదులు అక్కడ పంపు బలం పనిచేసింది.

1888 జూలైలో ఆయన పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అది డిసెంబరు 7న మంజూరైంది. బెల్‌ఫాస్టు సైకిలు సంఘానికి నాయకుడైన విల్లీ హ్యూమ్ అనే యువకుడు కొత్త చక్రాలున్న సైకిలును కొన్నాడు. 1889 మే 18న బెల్‌ఫాస్టు క్వీన్స్ కళాశాల క్రీడలలో దానిపై పోటీకి దిగాడు. సన్నని చక్రాల నడుమ ఆ లావుపాటి చక్రాలు వింతగా కనిపించాయి. చూసినవారు నవ్వారు. హ్యూమ్ పాల్గొన్న నాలుగు పందేలలోనూ తానే గెలిచాడు. తరువాత లివర్‌పూల్ పోటీలలోనూ ఒక్కటి తప్ప అన్నీ గెలిచాడు.

హ్యూమ్ చేతిలో ఓడినవారిలో హార్వే డు క్రో అనే వ్యాపారి కుమారులు ఉన్నారు. పుత్రుల ఓటమికి కుమిలిపోకుండా ఆ తండ్రి చక్రాన్ని పరిశీలించాడు. 1889లో డబ్లిన్ నగరంలో గాలి టైర్లు తయారుచేసే సంస్థ ఏర్పడింది. డన్లప్ తన పేటెంటును డు క్రోకు అప్పగించి, ప్రతిఫలంగా 1,500 వాటాలు తీసుకున్నాడు. 1892లో వైద్యవృత్తిని వదిలి డబ్లిన్‌కు వచ్చి స్థిరపడ్డాడు.

అంతలో పెద్ద దెబ్బ తగిలింది. డన్లప్ పేటెంటు చెల్లదని అధికారులు తెలిపారు. స్కాట్లండుకే చెందిన రాబర్టు విలియం థామ్సన్ అనే ఇంజనీరు 1845లోనే గాలి చక్రానికి పేటెంటు పొంది ఉన్నాడు. 1847లో లండను రీజెంట్స్ పార్కులో గుర్రపు బండ్లకు అటువంటి చక్రాలు అమర్చి చూపించాడు కూడా. రబ్బరు పూసిన బట్టతో చేసిన గొట్టం, దానిపై తోలు తొడుగు. ఆ చక్రాలు బాగానే నడిచాయి. కాని వాటి ఖర్చు ఎక్కువ, వాటి అవసరం ఉన్న తేలికైన వాహనం ఇంకా పుట్టలేదు. థామ్సన్ 1873లో మరణించాడు. ఆయన కల్పన కాగితాలలోనే నిద్రపోయింది. డన్లప్ దానిని చూసి కాపీ చేసినవాడు కాడు. తన పెరటిలో తానే కనుగొన్నాడు. అయినా మొదటివాడన్న గౌరవం న్యాయంగా థామ్సన్‌దే. వాడుకలోకి తెచ్చిన కీర్తి డన్లప్‌ది. ఈ రెండింటినీ ఒకరికే కట్టబెట్టడం ఉచితం కాదు.

పేటెంటు పోయినా సంస్థ నిలిచింది. అందుకు కారణం ఇతరుల బుద్ధిబలం. డన్లప్ మొదటి టైరును చక్రానికి అంటించేవారు. పంక్చరు పడితే కోసి విప్పవలసి వచ్చేది. 1890లో చార్లెస్ వెల్చ్ టైరు అంచులలో తీగ పెట్టి, గుంటగా ఉన్న రిమ్ములో కూర్చునేటట్లు చేశాడు. డు క్రో ఆ హక్కులను కొన్నాడు. నేటి కారు టైరు అంచులోనూ ఆ ఉక్కు తీగ ఉంది. 1896లో సంస్థ 30 లక్షల పౌండ్లకు చేతులు మారి, వెంటనే 50 లక్షల పౌండ్ల మూలధనంతో మళ్ళీ ప్రజల ముందుకు వచ్చింది. అప్పటికే డన్లప్ సంస్థ నుంచి తప్పుకున్నాడు. ఆ ధనరాశిలో ఆయనకు దక్కినది స్వల్పం.

సైకిలు నుంచి గాలి చక్రం కారుకు చేరింది. 1895లో ఫ్రాన్సులో పారిస్ నుంచి బోర్డో వరకు పోయి తిరిగివచ్చే పందెంలో మిషెలిన్ సోదరులు గాలి టైర్లున్న కారును నడిపారు. దారిపొడవునా టైర్లు పగిలాయి, గెలుపు దక్కలేదు. అయినా కారు భారాన్ని గాలి మోయగలదని రుజువైంది. 1946లో అదే సంస్థ రేడియల్ టైరుకు పేటెంటు తీసుకుంది. భారతదేశంలో డన్లప్ పేరుగల కర్మాగారం 1936లో బెంగాలులోని సాహాగంజ్‌లో వెలసింది. తెలంగాణలో సదాశివపేట సమీపంలో ఎమ్మారెఫ్ సంస్థ కర్మాగారం ఉంది.

నేడు వేగవంతమైన కారుకు టైరు ఎంచుకునే యువకుడు దాని పక్కగోడపై 205/55 ఆర్ 16 91 వి వంటి గుర్తును చూస్తాడు. 205 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 55 అంటే ఆ వెడల్పులో నూటికి 55 వంతుల ఎత్తుగల పక్కగోడ. ఆర్ అక్షరం రేడియల్ నిర్మాణానికి, 16 అంగుళాలలో రిమ్ము వ్యాసానికి గుర్తు. 91 అంటే ఒక్కొక్క టైరు 615 కిలోల బరువు మోయగలదని, వి అంటే గంటకు 240 కిలోమీటర్ల వేగానికి ఓర్చుకోగలదని అర్థం. హెచ్ అయితే 210, డబ్ల్యు అయితే 270. కారు తయారీదారు చెప్పిన బరువు, వేగాల గుర్తులకు తక్కువైన టైరు తీసుకోరాదు. పక్కగోడపై తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలిపే నాలుగంకెలు కూడా చూడాలి. 2324 అని ఉంటే అది 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనది.

అయితే అంకెలు పెరిగినకొద్దీ టైరు మేలైనదవుతుందనుకోవడం పొరపాటు. పక్కగోడ ఎత్తు తగ్గితే మలుపులో కారు స్థిరంగా తిరుగుతుంది. కాని ఎత్తు తగ్గడమంటే దెబ్బను ఓర్చే గాలి తగ్గడమే. డన్లప్ పెరటిలో సాధించినదానిని కొంత వదులుకోవడమే. పందెపు బాట నున్నగా ఉంటుంది కనుక అక్కడ ఆ బేరం గిట్టుబాటవుతుంది. కామారెడ్డి వద్ద 44వ జాతీయ రహదారిపైనా కొంతవరకు గిట్టుబాటు కావచ్చు. వానాకాలం గుంతలు పడిన పల్లెదారిలో మాత్రం అటువంటి టైరు పక్కగోడ ఉబ్బుతుంది, రిమ్ము వంగుతుంది. మెత్తని రబ్బరు నేలను బాగా పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. గాళ్ళు తక్కువగా ఉన్న పందెపు టైరు పొడినేలపై శ్రేష్ఠమైనది. వాననీటిని తోడివేయలేక అదే టైరు నీటిపై తేలిపోతుంది, అప్పుడు స్టీరింగు చేతిలో ఉన్నా కారు మాట వినదు. నేలతో కారుకు గల సంబంధమంతా నాలుగు చోట్ల, ఒక్కొక్క చోట ఇంచుమించు అరచేయంత. గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఎంత ఖరీదైన టైరైనా తీసివేయవలసిందే. కామారెడ్డి ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. గాలి తగ్గిన టైరు ఆ వేడిలో వేగంగా పోతే లోలోపల కాగి పగులుతుంది. కనుక ప్రయాణానికి ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి.

డన్లప్ తన చివరి దశాబ్దాలు డబ్లిన్‌లో గడిపాడు. ఒక బట్టల వ్యాపారంలో భాగం కలిగి సాదాగా జీవించాడు. మోటారు టైర్ల ధనప్రవాహం ఆయన ఇంటి ముందు నుంచే సాగిపోయింది గాని లోపలికి రాలేదు. ఆయన దానికంటే మరొక విషయానికి ఎక్కువ నొచ్చుకున్నాడు. ఆయన పేరు పెట్టుకున్న సంస్థ ప్రకటనలలో ఆయన గడ్డం ముఖాన్ని వాడుకొని, కింద ఎత్తైన టోపీ, చేతికర్ర గల విలాసపురుషుని వేషం గీయించింది. జీవితమంతా గుర్రపుశాలలలో శ్రమించిన వృద్ధునికి అది అవమానంగా తోచింది. ఐర్లండు న్యాయస్థానంలో దావా వేశాడు. ఆ వ్యవహారం బ్రిటిష్ ప్రభువుల సభ వరకు వెళ్ళింది. పేటెంటు పోయినప్పుడు, వాటాలు వదులుకున్నప్పుడు పోరాడని మనిషి తన రూపం కోసం పోరాడాడు.

1921 అక్టోబరు 23న ఆయన డబ్లిన్‌లో మరణించాడు. డీన్స్‌గ్రేంజ్ శ్మశానవాటికలో ఆయనను ఖననం చేశారు. గాలి టైరు చరిత్రను ఆయన స్వయంగా రాసి ఉంచాడు. ఆ గ్రంథాన్ని ఆయన మరణానంతరం కుమార్తె అచ్చు వేయించింది.