డబ్బా విప్పి చూసిన మనిషి: జి.డి. నాయుడు

మాది తాండూరు. పోయిన దసరా సెలవుల్లో నాన్న, నేను కారులో వికారాబాద్ నుంచి ఇంటికి వస్తున్నాం. అనంతగిరి ఘాట్ మలుపుల్లో బ్రేక్ నొక్కితే చాలు, కీచుమని ఒకటే శబ్దం. ముందేమో నాపరాళ్ల లారీ. ఎలాగో ఇల్లు చేరాం.

మర్నాడు మెకానిక్ అన్న రెండు డబ్బాలు మా ముందు పెట్టాడు. ఒకటి కంపెనీ ప్యాడ్లు, ఇంకోటి బయటివి. బయటివి దాదాపు సగం రేటే. ఇంజనీరింగ్ చదువుతున్నా కదా అని నాన్న నా వైపు చూశాడు. నేను చదివేది కంప్యూటర్ సైన్స్. బ్రేక్ ప్యాడ్‌ని చేత్తో పట్టుకోవడమే అది మొదటిసారి. రేపు చెప్తాం అని ఇంటికొచ్చేశాం. ఆ రాత్రి దీని గురించే వెతుకుతుంటే జి.డి. నాయుడు గారి కథ దొరికింది.

ఆయన 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. బడి అస్సలు పడలేదు, చిన్న క్లాసుల్లోనే మానేశారు. ఒకరోజు ఒక ఇంగ్లీషు అధికారి మోటార్ సైకిల్ చూసి మనసు పారేసుకున్నారు. హోటల్లో పనిచేసి, పైసా పైసా కూడబెట్టి ఆ బండినే కొన్నారు. కొన్నాక మొత్తం విప్పేసి, మళ్లీ బిగించారు. ఆయన కాలేజీ అదే అనుకోవచ్చు.

తర్వాత పత్తి వ్యాపారం చేసి బొంబాయిలో నష్టపోయారు. స్టేన్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి సాయంతో ఒక బస్సు కొని, 1920లో పొల్లాచ్చి, పళని మధ్య తనే నడిపారు. ఆ ఒక్క బస్సు పెరిగి పెరిగి యూఎంఎస్ పేరుతో వందల బస్సుల సంస్థ అయింది. 1937లో బాలసుందరం నాయుడు గారితో కలిసి ఎలక్ట్రిక్ మోటార్ తయారు చేశారు. మన దేశంలో తయారైన మొదటి మోటార్ అదేనంటారు. బ్యాటరీతో నడిచే షేవింగ్ రేజర్ కూడా చేశారు. 1952లో రెండు వేల రూపాయలకే ఇద్దరు కూర్చునే కారు చేశారు కానీ ప్రభుత్వం లైసెన్స్ ఇవ్వలేదు.

మనకి నచ్చే విషయం ఇంకోటుంది. 1945లో కోయంబత్తూరులో సాంకేతిక కాలేజీ పెట్టించి, మొదటి ప్రిన్సిపాల్ అయ్యారు. నాలుగేళ్ల కోర్సు టైమ్ వేస్ట్, రెండేళ్లు చాలు అన్నారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన పదవి వదిలేశారు. 1974 జనవరి 4న కన్నుమూశారు.

ఇదంతా చదివాక ఒకటి అర్థమైంది. విదేశీ మోటార్లకి అలవాటు పడ్డవాళ్లకి ఆయన మోటార్ కూడా లోకల్ సరుకే కదా! కాబట్టి బయటిది అనగానే నాసిరకం కాదు. కార్ల కంపెనీలు చాలా పార్టులు వేరేవాళ్ల దగ్గర చేయించుకుంటాయి. అదే తయారీదారు తన సొంత డబ్బాలో తక్కువకి అమ్మొచ్చు. కంపెనీ పేరు కాపీ కొట్టిన నకిలీలూ ఉంటాయి. డబ్బా మీద పేరు చూస్తే ఏదీ తేలదు.

మర్నాడు అన్నని అడిగి రెండు డబ్బాలూ విప్పించాను. కంపెనీ ప్యాడ్ అంచున చిన్న ఇనుప రేకు ఉంది. ప్యాడ్ అరిగిపోయాక అది డిస్కుకి తగిలి అరుస్తుందట. ఘాట్‌లో మేం విన్న శబ్దం అదే! బయటి ప్యాడ్‌కి ఆ రేకే లేదు. దాని మీద తయారీదారు పేరు, పార్ట్ నంబర్ కూడా లేవు. బ్రేకులకి కంపెనీవే తీసుకున్నాం, బిల్లుతో సహా. వైపర్ బ్లేడ్లు మాత్రం బయటివే వేయించాం. అవి బాగానే పనిచేస్తున్నాయి.

అరిగిపోయిన పాత ప్యాడ్ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడది హాస్టల్లో నా ల్యాప్‌టాప్ పక్కనే ఉంది.