ఆ రాత్రి వాయించమన్న కీర్తన



ఏటా జనవరి మూడవ సోమవారం అమెరికా దేశంలో సెలవు. ఆ రోజుల్లో అక్కడి అనేక పట్టణాలలో, దేవాలయాల్లో, పాఠశాలల్లో జాజ్ కచేరీలు జరుగుతాయి. నల్లవారూ తెల్లవారూ పక్కపక్కన కూర్చుని వింటారు. ఈ గౌరవం ఒక సంగీత విద్వాంసునికి కాదు, ఒక దైవసేవకునికి. ఆయనే డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్. బోధకుని పేరిట బాకాలూ డ్రమ్ములూ ఎందుకు మోగుతున్నాయి? ఆయన జీవితమే దీనికి జవాబు.

మార్టిన్ 1929 జనవరి 15న అట్లాంటా నగరంలో జన్మించారు. తండ్రి బాప్టిస్టు సంఘ కాపరి. తల్లి అల్బెర్టా అదే దేవాలయంలో ఆర్గాన్ వాయించేవారు. ఆ విధంగా ఆ బిడ్డ చెవిన వాక్యమూ సంగీతమూ కలిసే పడ్డాయి. బోస్టన్‌లో పై చదువులు చదువుతుండగా, అక్కడి సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంటున్న కొరెట్టాతో పరిచయమైంది. 1953లో వారి వివాహం జరిగింది.

1955 డిసెంబరులో మాంట్‌గోమరీ పట్టణంలో రోసా పార్క్స్ అనే నల్లజాతి మహిళ బస్సులో తన సీటు తెల్లవానికి వదలనందుకు అరెస్టయ్యారు. అక్కడి నల్లజాతివారు 381 రోజులు బస్సు ఎక్కలేదు. ఆ పోరాటానికి యువ కాపరి కింగ్ నాయకులయ్యారు. ఆయన ఇంటి మీద బాంబు పడింది. అయినా ప్రతీకారం వద్దని తన వారిని శాంతింపజేశారు. క్రీస్తు ప్రభువు ప్రేమ తన బలమనీ, గాంధీజీ అహింస తన మార్గమనీ నమ్మారు. 1959లో సతీసమేతంగా మన దేశానికి వచ్చారు. ఆయన ఉపన్యసించిన సభల్లో కొరెట్టా తమ జాతివారి భక్తిగీతాలు ఆలపించారు.

ఉద్యమానికి ధనం కావాలి. 1963లో సుప్రసిద్ధ బేస్‌బాల్ క్రీడాకారుడు జాకీ రాబిన్సన్ తన ఇంటి ఆవరణలోనే జాజ్ కచేరీ పెట్టి, ఉద్యమం కోసం నిధి సమకూర్చారు. మరుసటి సంవత్సరం కొరెట్టా తన గాత్ర కచేరీలతో అదే పని ప్రారంభించారు. ఆ 1964లోనే బెర్లిన్ జాజ్ ఉత్సవానికి కింగ్ ముందుమాట రాశారు. కష్టాల నడుమ మనిషిని నిలబెట్టే శక్తి ఈ సంగీతానికి ఉందనీ, తమ ఉద్యమం దీనినుండి బలం పొందిందనీ అందులో తెలియజేశారు. ఆ ఏడాది చివర ఆయనకు నోబెల్ శాంతి బహుమతి లభించింది.

అంతటితో ఆయన విశ్రమించలేదు. 1968 ఫిబ్రవరిలో మెంఫిస్ నగరంలో ఇద్దరు పారిశుధ్య కార్మికులు చెత్త లారీ యంత్రంలో నలిగి చనిపోయారు. సుమారు 1300 మంది కార్మికులు సమ్మె చేశారు. తామూ మనుషులమేనని అట్టల మీద రాసుకుని వీధుల్లో నడిచారు. నోబెల్ గ్రహీత ఈ చెత్త ఎత్తేవారి కోసం వచ్చారు. ఏప్రిల్ 4 సాయంత్రం, బస చేసిన చోట వసారాలో నిలబడి, కింద ఉన్న సాక్సాఫోన్ వాద్యకారుడు బెన్ బ్రాంచ్‌ను పలకరించారు. ప్రభువా, నా చేయి పట్టి నడిపించమని వేడుకునే తన ప్రియమైన కీర్తనను ఆ రాత్రి సభలో చక్కగా వాయించమని కోరారు. క్షణాల్లో తుపాకి గుండు తగిలింది. ఆయన వయస్సు 39 ఏళ్ళు. అదే కీర్తనను మహాలియా జాక్సన్ ఆయన అంత్యక్రియల్లో పాడారు. ఏప్రిల్ 16న నగరపాలకులు కార్మికుల సంఘాన్ని గుర్తించి, జీతాలు పెంచడానికి అంగీకరించారు.

1986 నుండి ఆయన స్మారకదినం జాతీయ సెలవుగా జరుగుతోంది. కచేరీలు మంచివే. కాని గుర్తు వేరు, అది సూచించే సత్యం వేరు. పాట విని చప్పట్లు కొట్టి, ఆ పాట ఎవరి కోసం అడగబడిందో మరచిపోతే, గుర్తు మిగిలి సత్యం జారిపోతుంది.

ఇది అమెరికాకే కాదు, మనకూ వర్తిస్తుంది. మన విచారణల్లో తిరునాళ్ళకు బ్యాండు మేళం ఉంటుంది, గాయక బృందం ఉంటుంది. మరునాడు తెల్లవారుజామున ఆవరణ ఊడ్చే మనిషీ ఉంటాడు. నాతో సహా మనలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? దివ్యపూజలో ఆయన మన పక్కన కూర్చుంటే మనం సర్దుకుని చోటిస్తామా, లేక లేచి వేరే చోటికి వెళతామా? వచ్చే తిరునాళ్ళ మరునాడు ఆయన్ని పేరు పెట్టి పిలిచి, మన ఇంట కాఫీ ఇచ్చి కూర్చోబెడదాం. ఆ మహనీయునికి మనం చేయగల కచేరీ అదే.