లాస్కీ చదివింది చరిత్ర, చెప్పింది రాజనీతి

డిగ్రీలో చరిత్ర, రాజనీతి కలిపి చదివిన మిత్రులకు పరీక్షలు కాగానే పెద్ద చిక్కు వచ్చిపడుతుంది. ఎం.ఏ.కు రెండింట్లో ఒక్కటే పట్టుకోవాలి. చరిత్ర అయితే తారీఖులు వల్లించడమేనని కొందరు, రాజనీతి అయితే ఉపన్యాసాలు తప్ప మరేమీ రావని మరికొందరు భయపెడతారు. సైన్సువాడికి ఈ గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మా వంటి రైతు కుటుంబాలలో కొడుకు చదువంటే ఒక పంట డబ్బంతా పోసినట్టే. ఏ గ్రూపువాడైనా సరే, ఎంపిక తప్పితే మళ్లీ మొదటినుంచి చదివించే శక్తి ఇంట్లో ఉండదు. అందుకే సైన్సుతో మొదలుపెట్టి, చరిత్రలో పట్టా పుచ్చుకొని, రాజనీతి ఆచార్యుడిగా లోకప్రసిద్ధి గాంచిన హెరాల్డ్ జోసెఫ్ లాస్కీ జీవితం మనందరికీ పనికివస్తుందని తలచి వ్రాస్తున్నాను.

లాస్కీ 1893 జూన్ 30న ఇంగ్లండులోని మాంచెస్టరు నగరంలో జన్మించాడు. తండ్రి నేథన్ లాస్కీ పత్తి వ్యాపారి. యూదు మతాచారాలను నిష్ఠగా పాటించే ఇల్లు అది. మనుషుల వంశలక్షణాలను మెరుగుపరచవచ్చునని చెప్పే యూజెనిక్స్ ఆ రోజులలో శాస్త్రంగా చలామణీ అయ్యేది. ఆ తర్వాత శాస్త్రజ్ఞులే దానిని త్రోసిపుచ్చారు. 1910లో, ఇంకా కుర్రవాడుగా ఉండగానే, లాస్కీ దానిపై వ్రాసిన వ్యాసం గాల్టన్ అంతటివాని దృష్టిలో పడింది. 1911లో తనకంటె పెద్దది, అన్యమతస్థురాలు అయిన ఫ్రీడా కెర్రీని పెళ్లాడి ఇంట్లోవాళ్లకు దూరమయ్యాడు. కొద్ది నెలలు లండనులో కార్ల్ పియర్సన్ వద్ద పనిచేసి, ఆక్స్‌ఫర్డు న్యూ కాలేజీలో సైన్సు విద్యార్థిగా చేరాడు. అయితే అది అట్టే కాలం సాగలేదు. చరిత్రకు మారి 1914లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడైనాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అప్పటికి ఆక్స్‌ఫర్డులో రాజనీతి పేరుతో విడిగా డిగ్రీ లేదు. తత్వశాస్త్రం, రాజనీతి, ఆర్థికశాస్త్రం కలిపిన కోర్సు 1920లోగాని రాలేదు. రాజకీయ సిద్ధాంతాలు నేర్చుకోవాలనుకున్నవాడు చరిత్ర తరగతిలోనో, గ్రీకు లాటిను తరగతిలోనో కూర్చోవలసిందే.

ఆ చదువు ఎట్లా పనికివచ్చిందో ఆయన మొదటి పుస్తకమే చెబుతుంది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించి, 1916లో హార్వర్డుకు వెళ్లిన తర్వాత, 1917లో సార్వభౌమాధికార సమస్యపై ఆ గ్రంథం వెలువరించాడు. రాజ్యం మాటకు తిరుగుందా, లేదా? ప్రశ్న రాజనీతిది. జవాబు కోసం ఆయన వెళ్లింది పాత సంఘటనల దగ్గరికి. స్కాట్లాండులో భూస్వామి నియమించిన పాస్టరును జనం వద్దన్నా, కోర్టులు భూస్వామి హక్కునే నిలబెట్టాయి. 1843లో నాలుగు వందలకు పైగా పాస్టర్లు జీతాలు, ఇళ్లు వదులుకొని బయటికి నడిచి వేరే చర్చి పెట్టుకున్నారు. చట్టం చేతిలో ఉండి కూడా రాజ్యం వాళ్లను ఆపలేకపోయింది. మనుషుల విధేయత ఒక్క రాజ్యానికే కాదు, వాళ్ల సంఘాలకూ ఉంటుందని లాస్కీ దీనినుంచి తేల్చాడు. చెరువు నీటి వంతులు ఊరివాళ్లే కట్టుబాటు చేసుకొని నడుపుకోవడం చూసినవాళ్లకు ఈ మాట తేలికగానే బోధపడుతుంది.

1919లో బోస్టను పోలీసులు యూనియన్ హక్కు కోసం సమ్మె చేస్తే లాస్కీ వాళ్ల పక్షాన మాట్లాడాడు. హార్వర్డు విద్యార్థుల హాస్యపత్రిక ఒక సంచిక మొత్తం ఆయనను వెక్కిరించడానికే కేటాయించింది. 1920లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వచ్చి, చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు. 1925లో వచ్చిన 'ఎ గ్రామర్ ఆఫ్ పాలిటిక్స్' మన దేశపు కాలేజీలలోనూ ఎన్నో ఏళ్లు పాఠ్యగ్రంథంగా నడిచింది. 1926లో ఆచార్య పదవి స్వీకరించినప్పటి తొలి ఉపన్యాసంలో, చరిత్ర ఆధారం లేని రాజనీతి నిలవదనే అర్థం వచ్చేటట్లు మాట్లాడాడు.

మనతో ఆయనకు బంధం చాలా ఉంది. జలియన్‌వాలా బాగ్ కాలంలో పంజాబును ఏలిన మైకేల్ ఓడ్వయర్, 1924లో సర్ శంకరన్ నాయరుపై లండనులో పరువునష్టం దావా వేశాడు. పన్నెండుగురు జ్యూరీ సభ్యులలో పదకొండుగురు ఓడ్వయర్ వైపే. కాదన్న ఆ ఒక్కడూ లాస్కీయే! వి.కె. కృష్ణమీనన్, తర్వాత మన రాష్ట్రపతి అయిన కె.ఆర్. నారాయణన్ ఆయన శిష్యులు.

ఆయనకు అన్నీ కలిసివచ్చాయని చెప్పలేము. 1945 ఎన్నికల సభలో హింసాత్మక విప్లవాన్ని బలపరిచాడని పత్రికలు వ్రాస్తే దావా వేసి, 1946లో ఓడిపోయి, ఖర్చులన్నీ నెత్తిన వేసుకున్నాడు. 1950 మార్చి 24న, 56వ ఏట మరణించాడు.

సైన్సువాడిగా నాకు తోచింది ఇది. మాకు సందేహం వస్తే ప్రయోగశాల ఉంది. రాజనీతివాళ్లు ఒక దేశాన్ని గాజుకుప్పెలో పోసి వేడిచేసి చూడలేరు గదా! జరిగిపోయిన ప్రయోగాల రికార్డు పుస్తకమే వారికి చరిత్ర. ఆ రికార్డులో ఏమి వెతకాలో చెప్పేది రాజనీతి. కనుక చరిత్ర తీసుకున్నవారు అధికారం ఎవరిది, ఎందుకని అడగడం మానవద్దు. రాజనీతి తీసుకున్నవారు సిద్ధాంతం చదివిన రోజునే, అది ఎక్కడ ఎప్పుడు నిలిచిందో, ఎక్కడ కూలిందో వెతకండి. పట్టా మీద ఒక్క పేరే ఉంటుంది. రెండో సబ్జెక్టు పుస్తకం లైబ్రరీనుంచి తెచ్చుకోవద్దని మాత్రం ఏ యూనివర్సిటీ అనదు.