సముద్రగర్భమును శోధించిన వైద్యుడు

ఆల్ఫ్రెడ్ విలియం ఆల్కాక్ 1859వ సంవత్సరమున బొంబాయిలో జన్మించెను. తండ్రి నౌకాధిపతి. కుటుంబమునకు ధననష్టము కలుగుటచే ఆతడు చిన్నతనముననే చదువు మాని వయనాడు కాఫీతోటలకు పోవలసివచ్చెను. పిదప డార్జిలింగులో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. చదువుపై మక్కువ చావలేదు. 1885లో అబర్డీన్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొంది, ఇండియా వైద్యశాఖలో చేరెను.

1888లో ఆతడు ‘ఇన్వెస్టిగేటర్’ అను ఓడపై వైద్యుడుగను, జీవశాస్త్రజ్ఞుడుగను నియమింపబడెను. తీరములను కొలిచి పటములు వ్రాయుట ఆ ఓడకు ముఖ్యకార్యము. నడుమ దొరకిన కొద్దిపాటి వ్యవధిలోనే ఆల్కాక్ సముద్రపుటడుగునకు వల దింపించి జీవులను సేకరించెడివాడు. వేయి బారలకు మించిన లోతున, సూర్యరశ్మి సోకని చీకటిలో సైతము పీతలు, రొయ్యలు జీవించుచుండెను. విశాఖపట్టణపు తీరమునకెదుట కూడ ఆ వల దిగెను. గోదావరీ కృష్ణా ముఖములందలి బురదనేలలపై, ఒక డెక్క మాత్రము మిక్కిలి పెద్దదిగా నుండు చిన్న పీతల నడవడిని ఆతడు ఓపికతో గమనించి వ్రాసెను.

బంగాళాఖాతమున జానెడు పొడవును, 14 కాళ్ళును గల యొక వింతజీవి లభించెను. 1879లో మెక్సికో సింధుశాఖ నుండి వర్ణింపబడిన జీవియే యిదియని 1891లో ఆల్కాక్, వుడ్‌మేసన్ పండితులు ప్రకటించిరి. అంత దూరపు జీవి మన సముద్రమున కెట్లు వచ్చెను? పీతపిల్లలు తొలిదశలో నీట తేలుచు ప్రవాహములతో దూరతీరములకు పోగలవు. ఈ జీవి యట్లు పోజాలదు. తల్లి పిల్లలను పొట్టక్రింది సంచిలో మోయును. వెలువడిన పిల్లలు అడుగుననే సంచరించును. వానికి సముద్రగర్భమే దారి. పూర్వము అట్లాంటిక్, హిందూ మహాసముద్రములను ‘టెథిస్’ అను సముద్రము కలుపుచుండెను. భూఖండము లొరసికొనగా అది సుమారు 2 కోట్ల సంవత్సరముల క్రిందట మూసికొనజొచ్చెను. ఇట్లు దారులు మూసికొని విడిపోయిన సంతతులు కాలక్రమమున వేరు జాతులగును. మన జీవి మెక్సికో జీవికి జ్ఞాతియేగాని అదియే కాదని 2006లో శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

ఆల్కాక్ 1893లో కలకత్తా మ్యూజియమునకు అధ్యక్షుడయ్యెను. 1901లో రాయల్ సొసైటీ సభ్యత్వము పొందెను. 1906లో పదవి వీడి, లండనులో రోగములు వ్యాపింపజేయు కీటకములను గూర్చి బోధించెను. 1933లో మరణించెను.

ప్రతి జీవి దొరకిన తావును, లోతును ఆతడు శ్రద్ధతో వ్రాసియుంచెను. అట్టి వ్రాతయే తరువాతివారికి ఆధారము. మొదటివాని నిర్ణయము మారినను, సత్యముగా వ్రాసిన లెక్క చెడదు.