బడిపంతులు రహీం సాబ్

భారత ఫుట్‌బాల్‌కు ఆసియాలో పేరు తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ అక్కడి జట్టుకు ఆడారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు.

ఇప్పటిలా ప్రొఫెషనల్ లీగులు అప్పుడు లేవు. ఆటను నమ్ముకున్న ఎందరికో పోలీసు ఉద్యోగమే కూడు పెట్టింది. రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో కుర్రాళ్లకు ఆయన పోటీలు పెట్టేవారు.

1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన జట్టుకు స్వర్ణం దక్కింది. కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రం, తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయిన 1956 నవంబరులోనే మెల్బోర్న్ ఒలింపిక్స్ మొదలయ్యాయి. అక్కడ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

1962లో జకార్తా ఆసియా క్రీడల తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. ఫైనల్‌కు మళ్లీ వాళ్లే ఎదురయ్యారు. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసలో ఆడించారు. అతను గోల్ కొట్టాడు. 2-1తో స్వర్ణం మనదైంది.

1963 జూన్ 11న క్యాన్సర్ ఆయన్ను తీసుకుపోయింది. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరో స్వర్ణం రాలేదు. సాయంత్రం గంట కొట్టాక పిల్లలతో మైదానంలో నిలబడే ప్రతి ఉపాధ్యాయుడూ రహీం సాబ్ వారసుడే.