బాతు కడుపులో నీలిరాయి, తెర వెనక జెరెమీ బ్రెట్

సెమ్ ఎగ్జామ్స్ అయిపోయిన రాత్రి ఏం చూడాలా అని మా బ్యాచ్‌లో గొడవ రాదు. ఇంగ్లండ్‌లో గ్రానడా టెలివిజన్ వాళ్ళు తీసిన పాత షెర్లాక్ హోమ్స్ సీరియల్ పెడతాం. అందులో ఏ ఎపిసోడ్ అన్న చర్చ కూడా ఉండదు. బ్లూ కార్బంకుల్. నాలాంటి దివిసీమ వాడికీ, బందరు వాడికీ, గుడివాడ వాడికీ ముగ్గురికీ నచ్చిన ఎపిసోడ్ అదొక్కటే.

చూడనివాళ్ళ కోసం కథ చెప్పేస్తాను. ఇందులో హత్య లేదు. క్రిస్మస్ రోజులు. పీటర్సన్ అనే ఆయనకి రోడ్డు మీద ఒక పాత టోపీ, ఒక గూస్ దొరుకుతాయి. గూస్ అంటే మన బాతు కంటే పెద్దది, పండక్కి కోసుకునేది. టోపీ తెచ్చి హోమ్స్‌కి ఇస్తాడు, బాతుని ఇంట్లో వండుకోబోతాడు. కోస్తే లోపల నీలంగా మెరిసే రాయి! ఒక దొరసాని గారి దగ్గర దొంగిలించిన రాయి అది. ఆ నేరం మీద జాన్ హార్నర్ అనే ప్లంబర్‌ని అప్పటికే జైల్లో పెట్టారు. ఇక హోమ్స్, వాట్సన్ ఇద్దరూ చలిలో లండన్ వీధులన్నీ తిరుగుతూ ఆ బాతు ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికి వచ్చిందో వెనక్కి లాక్కుంటూ పోతారు. మన భాషలో చెప్పాలంటే బ్యాక్ ట్రేసింగ్, డీబగ్గింగ్.

ఎన్నిసార్లు చూసినా ముగ్గురం మూడు చోట్ల ఆగుతాం. బందరు వాడిది చిలకలపూడి, రోల్డ్ గోల్డ్ నగల మధ్య పుట్టి పెరిగాడు. కార్బంకుల్ అంటేనే ఎర్రరాయి కదా, నీలం కార్బంకుల్ ఎక్కడిదని వాడి పేచీ. నాది ఇంకో పేచీ. కోతలైపోయాక మా పొలాల్లోకి బాతుల మందలు తోలుకొస్తారు, వాటిని చూస్తూ పెరిగాను. కోడికైతే గొంతు కింద మేత నిలవుండే తిత్తి ఉంటుంది గానీ బాతు జాతికి అలాంటిది ఉండదు. రాయి అక్కడ దొరికిందని కథలో ఎలా రాశాడు? తర్వాత చదివితే తెలిసింది, ప్రపంచమంతా హోమ్స్ అభిమానులు దీనిమీద ఏళ్ళ తరబడి కొట్టుకుంటూనే ఉన్నారని. గుడివాడ వాడికి రాయీ వద్దు, బాతూ వద్దు. చివర్లో అసలు దొంగని హోమ్స్ వదిలేయడం న్యాయమా కాదా అని తెల్లారేదాకా వాదిస్తాడు.

నీలిరాయి అనగానే బందరు వాడు కాలరెగరేస్తాడు కూడా. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో ఓడ దిగింది వాళ్ళ మచిలీపట్నంలోనే. ఆయన తీసుకెళ్ళి 1668లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి అమ్మిన పెద్ద నీలి వజ్రం కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిదేనని చాలామంది నమ్మకం. దాన్ని కోసి సానబెట్టగా మిగిలిందే ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్న హోప్ వజ్రం. కోనన్ డాయిల్ 1892 జనవరిలో ఈ కథ అచ్చేయించినప్పుడు అది ఆయన మనసులో ఉందో లేదో నేను చెప్పలేను గానీ, దొంగిలించిన నీలిరాయి కథ మనకి పరాయిదేం కాదు.

ఇదంతా సరదా. నేను రాయాలనుకున్నది మాత్రం ఆ ఎపిసోడ్‌లో హోమ్స్‌గా నవ్విన మనిషి గురించి. పేరు జెరెమీ బ్రెట్. మనం పుట్టడానికి ముందే, 1995లోనే పోయాడు.

ఆయన అసలు పేరు పీటర్ జెరెమీ విలియం హగిన్స్. 1933 నవంబర్ 3న ఇంగ్లండ్‌లోని వార్విక్‌షైర్‌లో పుట్టాడు. నలుగురు అన్నదమ్ముల్లో ఆఖరివాడు. తండ్రి సైన్యంలో కల్నల్, పెద్ద ఇల్లు, పరువు గల వంశం. చదివింది ఈటన్‌లో, అంటే ఇంగ్లండ్ ప్రధానమంత్రులు చదివిన స్కూల్లో. ఇక్కడిదాకా వింటే బంగారు చెంచాతో పుట్టిన పిల్లాడు అనుకుంటాం. కానీ చదువు ఎక్కేది కాదు. డిస్లెక్సియా. అక్షరాలు కుదురుగా నిలబడేవి కావు. దానికి తోడు పుట్టుకతోనే నాలుక తేడా, ర అనే శబ్దం నోరు తిరిగేది కాదు. మన ఊళ్ళల్లో ర పలకని పిల్లాడు దొరికితే ఏం చేస్తామో తెలుసుగా. రైలు అనరా, లారీ అనరా అని పదిమందిలో అనిపించి నవ్వుతాం. అలాంటి పిల్లాడు నటుడు అవుదామనుకున్నాడు. పదిహేడో ఏట నాలుకకి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆ తర్వాత కూడా ఉచ్చారణ సాధన జీవితాంతం రోజూ చేస్తూనే ఉన్నాడు. హోమ్స్ మాట్లాడుతుంటే ప్రతి హల్లూ కత్తితో కోసినట్టు విడివిడిగా వినిపిస్తుంది చూడండి. అది పుట్టుకతో వచ్చింది కాదు, సాధన చేసి సంపాదించుకున్నది.

ఇంకో దెబ్బ కూడా ఆ వయసులోనే తగిలింది. పదహారేళ్ళప్పుడు రుమాటిక్ జ్వరం వచ్చి గుండె దెబ్బతింది. ఆ గుండెతోనే నలభై ఏళ్ళు స్టేజి ఎక్కాడు.

కొడుకు నాటకాల్లోకి పోతున్నాడంటే కల్నల్ గారికి తలవంపులనిపించింది. ఇంటిపేరు వాడొద్దన్నాడు. అప్పుడు కుర్రాడు కొత్త పేరు ఎక్కడ వెతుక్కున్నాడో తెలుసా? తన మొదటి సూటు లోపల కుట్టిన లేబుల్ మీద. బ్రెట్ అండ్ కో అని ఉంది, బ్రెట్ అయిపోయాడు. ప్రపంచం ఇవాళ గుర్తుపెట్టుకున్నది ఆ దర్జీ లేబుల్‌నే గానీ వంశం పేరుని కాదు.

1954లో మాంచెస్టర్‌లో రంగస్థలం ఎక్కాడు. 1956లో వార్ అండ్ పీస్ సినిమాలో వేషం. 1958లో నటి అనా మాసీతో పెళ్ళి, ఒక కొడుకు, 1962లో విడాకులు. 1964లో మై ఫెయిర్ లేడీ. అందులో హీరోయిన్ ఇంటి ముందు వీధిలో నిలబడి పాట పాడే కుర్రాడు ఆయనే. చిన్నప్పటి నుంచీ పాడే గొంతు ఉన్నా సినిమాలో మాత్రం ఆ పాట బిల్ షిర్లీ అనే వేరే గాయకుడిది. మనకైతే ఇది మామూలే. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల పాడితే, అటు నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ పెదాలు కదిపేవాడు, ఇద్దరికీ పేరొచ్చేది. అక్కడ అలా కాదు, పాడగలిగిన వాడికి పాట లేకుండా పోయింది. ఆ తర్వాత లారెన్స్ ఒలీవియర్ నడిపిన నేషనల్ థియేటర్‌లో కొన్నేళ్ళు పనిచేశాడు. మంచి నటుడన్న పేరుంది. అందగాడన్న పేరు అంతకంటే ఎక్కువ ఉంది. కానీ ఇది ఆయన వేషం అని జనం చెప్పుకునే వేషం మాత్రం యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నా రాలేదు.

మీకు తెలియని ముక్క ఒకటి. ఆయన హోమ్స్ కంటే ముందు వాట్సన్. 1980లో లాస్ ఏంజెలస్‌లో ఒక నాటకంలో చార్ల్టన్ హెస్టన్ హోమ్స్ అయితే బ్రెట్ వాట్సన్. పక్కన నిలబడి హోమ్స్‌ని చూసేవాడికి హోమ్స్ ఎలా కనిపిస్తాడో ఆయనకి ముందే తెలుసన్నమాట.

గ్రానడా వాళ్ళు హోమ్స్ వేషం ఇస్తామన్నప్పుడు ఎగిరి గంతెయ్యలేదు. వెయ్యిమంది వేసేసిన వేషం, కొత్తగా నేనేం చేస్తానన్న సందేహం. ఒప్పుకున్నాక మాత్రం కోనన్ డాయిల్ కథలన్నీ పట్టుకుని కూర్చున్నాడు. అక్షరాలు సరిగ్గా నిలబడని మనిషి అన్ని కథలు వాక్యం వాక్యం చదివాడని గుర్తుంచుకోండి. హోమ్స్ ఏం తింటాడు, ఎలా కూర్చుంటాడు, పైపు ఎప్పుడు, సిగరెట్ ఎప్పుడు అని నిర్మాణ బృందం డెబ్బై పేజీలు దాటిన ఫైలు ఒకటి తయారుచేసింది. స్క్రిప్టు కథని దాటి పక్కకి పోతే ఈయన పేచీ పెట్టేవాడు. మొదట పత్రికలో కథలకి సిడ్నీ పేజెట్ వేసిన బొమ్మల్లో హోమ్స్ ఎలా నిలబడ్డాడో చూసి అలాగే నిలబడేవాడు. డాయిల్ రాయని హోమ్స్ బాల్యాన్ని కూడా తనే ఊహించి పెట్టుకున్నాడు. ఆ ఊహలో హోమ్స్ ప్రేమ ఎరగని ఒంటరి పిల్లాడు.

1984 ఏప్రిల్ 24న మొదటి ఎపిసోడ్ వచ్చింది. జూన్ 5న వచ్చిన ఏడోది మన బ్లూ కార్బంకుల్. ఈసారి చూసినప్పుడు కథని వదిలేసి ఆయన్నొక్కణ్ణే చూడండి. పొద్దున్నే నిద్రలేపితే జుట్టు చెదిరి, కళ్ళు తెరుచుకోక, సిగరెట్ కోసం తడుముకునే హోమ్స్. ఎనిమిది గంటల ల్యాబ్‌కి లేచే మన మొహమే. టోపీని తిప్పి తిప్పి చూసి, దాని యజమాని తెలివైనవాడు, బాగా బతికి చితికిపోయినవాడు, భార్యకి అతని మీద ప్రేమ తగ్గిపోయింది, ఇంట్లో గ్యాస్ దీపం లేదు అని వరసపెట్టి చెప్పేటప్పుడు ఆ కళ్ళల్లో చిన్నపిల్లాడి సంబరం. బాతులమ్మేవాడు నోరు విప్పకపోతే, వాడికి పందేల పిచ్చి ఉందని కనిపెట్టి పందెం కాసి నిజం లాగుతాడు. సంక్రాంతి బరుల దగ్గర తిరిగినవాళ్ళకి ఆ కిటుకు బాగా తెలుసు. హోమ్స్ అంటే మొహం ముడుచుకున్న మేధావి అనుకునేవాళ్ళకి ఈ ఎపిసోడ్ చూపిస్తే చాలు.

ఆ నవ్వు తర్వాత ఏం జరిగిందో తెలిశాక నాకు ఈ ఎపిసోడ్ మునుపటిలా లేదు.

1976లో ఆయన అమెరికన్ టీవీ నిర్మాత జోన్ విల్సన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకి క్యాన్సర్. 1985 జులైలో పోయింది. ఆ ఏడాదే తెరమీద హోమ్స్ జలపాతంలో పడి చనిపోయినట్టు చూపించే ఎపిసోడ్ వచ్చింది. అదే చివర, డేవిడ్ బర్క్ వాట్సన్‌గా వెళ్ళిపోయాడు, ఎడ్వర్డ్ హార్డ్‌విక్ వచ్చాడు. చనిపోయిన హోమ్స్ కథలో తిరిగి రావాలి కాబట్టి బ్రెట్ కూడా తిరిగి సెట్‌కి వచ్చాడు. 1986లో పూర్తిగా కుప్పకూలి ఆసుపత్రిలో చేరాడు. అప్పటికి మానిక్ డిప్రెషన్ అనేవారు, ఇప్పుడు బైపోలార్ అంటున్నాం.

మా బాబాయ్‌ది ఇదే జబ్బు. ఒక నెల ప్రపంచాన్ని ఎత్తి పక్కన పెడతానంటాడు, నిద్రపోడు, అందరికీ అప్పులిస్తాడు. ఇంకో నెల మంచం దిగడు. ఊళ్ళో గాలి సోకిందన్నారు, చేతబడి అన్నారు. మాత్రలు మా ఊరి షాపులో కొంటే నలుగురికీ తెలుస్తుందని మా నాన్న బస్సెక్కి బందరు వెళ్ళి తెచ్చేవాడు. డబ్బా మీద లేబుల్ చింపేసేవాళ్ళు. అందుకే బ్రెట్ గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. ఆయన దాచలేదు. జబ్బు పేరు చెప్పి బహిరంగంగా మాట్లాడాడు. ఆ జబ్బుతో బతికేవాళ్ళ సంస్థకి సాయం చెయ్యమని 1995లో, తన ఆఖరి ఏడాదిలో, రేడియోలో అడిగాడు. కల్నల్ గారబ్బాయి, పరువు కోసం ఇంటిపేరే వదులుకోవాల్సి వచ్చినవాడు, ఆ పని చేశాడు.

లిథియం మాత్రలు మనసుని నిలబెట్టాయి గానీ ఒంటిని మార్చేశాయి. అటు గుండె మందులు. నీరు చేరి ఒళ్ళు ఉబ్బింది, ఊపిరి అందేది కాదు. సిగరెట్లు మాత్రం మానలేదు. 1984 ఎపిసోడ్లో సన్నగా, కత్తిలా కదిలే మనిషికీ, 1994 ఎపిసోడ్లలో మొహం ఉబ్బి మెల్లగా నడిచే మనిషికీ పోలికే ఉండదు. ఒక ఎపిసోడ్‌కి ఒంట్లో బాగా లేక రాలేకపోతే, హోమ్స్ అన్న మైక్రాఫ్ట్‌గా వేసే చార్లెస్ గ్రే ఆ పని అందుకోవాల్సి వచ్చింది. అయినా ఆ చివరి వాటిలో కూడా మాట చూడండి. ర దగ్గర ఒక్కసారి కూడా తడబడడు.

మన కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారిని చూసినవాళ్ళు సత్యభామ అంటే ఆయనే అంటారు. వేరేవాళ్ళు ఎంత బాగా చేసినా మనసులో కొలబద్ద ఆయనే. బ్రెట్‌కి హోమ్స్ అలా అంటుకుపోయాడు. పదేళ్ళు, 41 ఎపిసోడ్లు. మధ్యలో 1988లో హోమ్స్, వాట్సన్ ఇద్దరే ఉండే నాటకం కూడా లండన్‌లో ఆడాడు. వేషం ఆయన్ని తినేసిందని కొందరు రాస్తారు. నాకలా అనిపించదు. తినేసింది జబ్బు. వేషం ఆయన్ని పొద్దున్నే లేపి సెట్‌కి తీసుకెళ్ళింది.

1995 సెప్టెంబర్ 12న లండన్‌లోని తన ఇంట్లో నిద్రలోనే గుండె ఆగి పోయాడు. అరవై ఒక్కేళ్ళు.

గుడివాడ వాడి వాదనకి నా దగ్గర ఇప్పుడొక జవాబుంది. దొంగ రైడర్ హోమ్స్ కాళ్ళ మీద పడి ఏడుస్తాడు. ఇతను సాక్ష్యం చెప్పకపోతే హార్నర్ మీద కేసు ఎలాగూ నిలబడదు. వీణ్ణి జైలుకి పంపితే జీవితాంతం దొంగే అవుతాడని హోమ్స్ తలుపు తీసి పొమ్మంటాడు. ఆ క్షణంలో బ్రెట్ మొహం గమనించండి. ముందు కోపం, తర్వాత అసహ్యం, ఆ తర్వాత జాలి, మాటలేకుండా ఒకదాని వెనక ఒకటి వచ్చి వెళ్తాయి. మనిషి విరిగిపోతే ఎలా ఉంటుందో తెలిసినవాడి మొహం అది. న్యాయమా కాదా అన్నది మీరు తేల్చుకోండి. గుడివాడ వాడు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.